కాలి నరాలు: లీకు ఎక్కడ మొదలైంది?



నానక్‌రామ్‌గూడ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేవి అద్దాల భవనాలే. 2019లో అమెజాన్ సంస్థ ఇక్కడ 18 లక్షల చదరపు అడుగుల క్యాంపస్ తెరిచింది. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేట నుంచి ఇక్కడికి మారింది. చుట్టూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. ఈ భవనాల లోపల వేలమంది రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేస్తారు. అవే భవనాల గేట్ల దగ్గర సెక్యూరిటీ గార్డులు, క్యాంటీన్లలో వంటవాళ్లు, అంతస్తుల్లో హౌస్‌కీపింగ్ మహిళలు రోజంతా నిలబడి పనిచేస్తారు. ఒకరిది కూర్చునే పని, ఒకరిది నిలబడే పని. కానీ ఇద్దరి కాళ్లలోనూ పిక్క కండరానికి కదలిక తక్కువ. సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, చీలమండల దగ్గర వాపు రావడం, రాత్రి పిక్కలు పట్టేయడం ఇద్దరికీ తెలిసిన బాధలే.

ఇలాంటివాళ్లలో కొందరికి కాళ్ల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బి కనిపిస్తాయి. డాక్టర్లు వీటిని వెరికోస్ వీన్స్ అంటారు. మనం వాడుకలో నరాలంటున్నా, ఇవి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. ఈ జబ్బు గురించి ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటే. పైకి ఉబ్బి కనిపించే సిర చాలాసార్లు అసలు చెడిన సిర కాదు. రక్తం ఎక్కడి నుంచి వెనక్కి జారుతోంది, ఏ దారిలో దిగుతోంది, ఎక్కడ మళ్లీ లోపలికి చేరుతోంది అన్న లెక్క తేలాకే చికిత్స గురించి మాట్లాడాలి.

ముందు కాలిలో రక్తం ఎలా పైకెక్కుతుందో చూద్దాం. మనిషి కదలకుండా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడక మొదలుపెడితే అదే ఒత్తిడి 30 కన్నా దిగువకు పడిపోతుంది. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క కండరం బిగుసుకుని, లోపలి సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతుంది. పైకి పోయిన రక్తం మళ్లీ కిందికి రాకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలున్నాయి. బావి మోటారు పెట్టుకున్న రైతులకు ఇది వెంటనే అర్థమవుతుంది. పైపు అడుగున ఫుట్‌వాల్వు సరిగ్గా ఉంటే మోటారు ఆపినా పైపులో నీళ్లు నిలుస్తాయి. వాల్వు అరిగితే నీళ్లన్నీ జారి బావిలోకి పోతాయి. సిరలో కవాటం పాడైనా జరిగేది అదే. పైకెక్కిన రక్తం వెనక్కి జారుతుంది. దీన్నే రిఫ్లక్స్ అంటారు. జారిన రక్తం కింది సిరల మీద భారం వేస్తుంది, వాటి గోడలు సాగుతాయి, గోడలు సాగితే అక్కడి కవాటాల రెక్కలు ఒకదానికొకటి అందవు. అలా జబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుంది.

కాలిలో సిరలు రెండు అరల్లో ఉంటాయి. కండరాల మధ్య లోతుగా ఉండేవి ఒక అర. ఎక్కువ రక్తం మోసేవి ఇవే. చర్మం కింద పైపైన ఉండేవి ఇంకో అర. పైసిరల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది గ్రేట్ సఫీనస్ సిర. ఇది లోపలి చీలమండ ముందు నుంచి బయలుదేరి, మోకాలి లోపలి పక్కగా, తొడ లోపలి వైపు నుంచి గజ్జల దాకా వెళ్లి లోతు సిరలో కలుస్తుంది. రెండోది స్మాల్ సఫీనస్ సిర. ఇది బయటి చీలమండ వెనక నుంచి పిక్క మధ్యగా ఎక్కి, చాలామందిలో మోకాలి వెనక గుంటలో లోతు సిరలో కలుస్తుంది. ఈ రెండు అరలనూ మధ్యమధ్యలో కలుపుతూ చిన్న అడ్డసిరలుంటాయి, వాటిని పర్ఫొరేటర్లంటారు. మామూలుగా రక్తం పై అర నుంచి లోపలి అరలోకి పోవాలి. కవాటం చెడితే లోపలి నుంచి పైకి చిమ్ముతుంది.

ఈ లీకు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు చరిత్ర ఉంది. జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రెడ్రిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1890ల మొదట్లో తొడలో సఫీనస్ సిరను కట్టేసే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. కవాటాలు పైన గజ్జల దగ్గర ముందు చెడతాయి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా కిందివి చెడతాయి అన్న ఆలోచన ఆ తర్వాత చాలాకాలం వైద్యలోకాన్ని నడిపింది. కాబట్టి గజ్జల దగ్గర కట్టి, సిరను మొత్తం లాగేయడమే అందరికీ ఒకే చికిత్స అయింది. అప్పట్లో డాక్టరుకు ఉన్న సాధనాలు కన్ను, చెయ్యి, తొడకు బిగించే పట్టీ మాత్రమే.

డాప్లర్ అల్ట్రాసౌండ్ వచ్చాక లోపల రక్తం పోయే దిక్కు కంటికి కనిపించింది. 1997లో నికోస్ లాబ్రోపౌలోస్ బృందం ప్రచురించిన పరిశోధన ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. రిఫ్లక్స్ కాలిలోని ఏ సిరలోనైనా మొదలుకావచ్చు, తొలిదశలో మోకాలి కింద సిరల్లో అది తరచూ కనిపిస్తుంది అని. 2005లో బ్రెజిల్‌కు చెందిన కార్లోస్ ఎంగెల్‌హార్న్ బృందం వెరికోస్ వీన్స్ ఉన్న స్త్రీలను పరీక్షించి, సఫీనస్ సిరలో రిఫ్లక్స్ తీరును ఆరు రకాలుగా విభజించింది. వాళ్లలో ఎక్కువమందికి గజ్జల దగ్గరి ప్రధాన కవాటం బాగానే ఉంది. అంటే అందరికీ పై నుంచి కిందికే జబ్బు పాకుతుందన్న పాత నమ్మకం నిలబడలేదు.

ఆ ఆరు రకాలను తేలిగ్గా చెబుతాను. మొదటిది, గజ్జల్లో సఫీనస్ సిర లోతు సిరలో కలిసే చోటు చుట్టూ మాత్రమే లీకు ఉండటం. రెండోది, పైన మొదలై తొడలోనో మోకాలి దగ్గరో ఆగిపోవడం. మూడోది, పైన అంతా బాగుండి కింది భాగంలో మాత్రమే లీకు ఉండి చీలమండ దాకా దిగడం. నాలుగోది, మధ్యలో ఒక ముక్కలో మాత్రమే ఉండటం, దాని పైనా కిందా బాగుండటం. అయిదోది, అలాంటి ముక్కలు రెండో మూడో విడివిడిగా ఉండటం. ఆరోది, గజ్జల నుంచి చీలమండ దాకా సిర పొడవునా లీకు ఉండటం. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ హాక్ ఇంకో కొలబద్ద ఇచ్చాడు. గజ్జల దగ్గర మొదలైన లీకు ఎంత దూరం దిగిందో దాన్నిబట్టి నాలుగు మెట్లు. గజ్జల్లోనే ఉంటే ఒకటి, తొడ దాకా అయితే రెండు, మోకాలి కిందికి వస్తే మూడు, చీలమండను తాకితే నాలుగు.

వీటితో కథ పూర్తి కాదు. స్మాల్ సఫీనస్ సిర చెడితే పిక్క వెనక నరాలు ఉబ్బుతాయి. తొడ ముందు భాగంలో పక్కసిర ఒకటుంది, అది చెడితే తొడ ముందు నుంచి బయటి వైపు మోకాలి దాకా మెలికలు కనిపిస్తాయి. కొందరిలో ప్రధాన సిర బాగానే ఉండి, దాని కొమ్మలు మాత్రమే ఉబ్బుతాయి. రెండు మూడు కాన్పులైన స్త్రీలలో కొందరికి లీకు కాలిలో కాక పొత్తికడుపులో, అండాశయ సిరల్లో మొదలవుతుంది. అది తొడ లోపలి వైపు, తొడ వెనక, మర్మాంగం చుట్టూ ఉబ్బు నరాలుగా బయటపడుతుంది. సిగ్గుతో చాలామంది ఈ విషయం డాక్టరుకు చెప్పరు. అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నా మనవి: తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే కాలికి ఎంత చికిత్స చేసినా లీకు మొదలైన చోటు అలాగే మిగిలిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది లోతు సిరల పరిస్థితి. గతంలో కాలిలో రక్తం గడ్డకట్టి, లోపలి సిర మూసుకుపోయి ఉంటే, పైన ఉబ్బిన సిరే రక్తానికి మిగిలిన దారి కావచ్చు. ఆ సంగతి తెలుసుకోకుండా పైసిరను మూసేస్తే ఉన్న దారి కూడా పోతుంది. అందుకే లోతు సిరల స్కాన్ లేకుండా ఎవరూ పైసిరను మూసే లేజరు చికిత్స చేయించుకోకూడదని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు స్కాన్ ఎలా చేయాలో వినండి. ఇది రోగికి కూడా తెలియాలి. రిఫ్లక్స్ కోసం చేసే డాప్లర్ పరీక్ష మనిషిని నిలబెట్టి చేస్తారు. బరువంతా రెండో కాలి మీద వేసి, చూసే కాలిని వదులుగా కొంచెం పక్కకు పెట్టమంటారు. డాక్టరు పిక్కను చేత్తో నొక్కి వదిలేస్తారు. నొక్కినప్పుడు రక్తం పైకి పోవాలి, వదిలినప్పుడు ఆగిపోవాలి. వదిలాక పైసిరలో అర సెకను కన్నా ఎక్కువసేపు రక్తం వెనక్కి వస్తే దాన్ని రిఫ్లక్స్ కింద లెక్కిస్తారు. తొడలో, మోకాలి వెనక ఉన్న లోతు సిరలకు ఈ హద్దు ఒక సెకను. గజ్జల దగ్గర చూసేటప్పుడు ఊపిరి బిగబట్టి ముక్కమంటారు. ఇలా ఒక్కో చోటా సిర వెడల్పు, లీకు సమయం కొలుస్తూ గజ్జల నుంచి చీలమండ దాకా వస్తారు. ఓపిగ్గా చేయాల్సిన పని ఇది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కాలు వాచిందని వెళ్తే, లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమో (దీన్నే డీవీటీ అంటారు) చూడటానికి పడుకోబెట్టి స్కాన్ చేస్తారు. డీవీటీ లేదు అని రిపోర్టు వస్తుంది. అది మంచి వార్తే. కానీ కవాటాలు బాగున్నాయని ఆ రిపోర్టు చెప్పదు. గడ్డ వెతికే స్కాన్ వేరు, లీకు వెతికే స్కాన్ వేరు. మీ రిపోర్టులో రిఫ్లక్స్ గురించి ఏమీ రాయకపోతే అడగండి.

ఫ్రాన్స్ దేశపు వైద్యుడు క్లాడ్ ఫ్రాంచెస్కీ 1988లో ఇంకాస్త లోతైన ఆలోచన ముందుకు తెచ్చాడు. వెనక్కి జారిన రక్తం ఎక్కడో ఒకచోట పర్ఫొరేటర్ ద్వారా మళ్లీ లోతు సిరలోకి చేరాలి కదా! అది అక్కడి నుంచి పైకెక్కి, మళ్లీ లీకు దగ్గర జారి, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి రక్తం తప్పించుకున్న చోటు, జారిన దారి, లోపలికి తిరిగి చేరిన చోటు, ఈ మూడింటినీ గుర్తించి ఆ చుట్టు తిరుగుడును రకాలుగా విడదీశాడు. రక్తం ప్రధాన సిరలోకి జారి, అదే సిర మీది పర్ఫొరేటర్ ద్వారా లోపలికి చేరితే అది ఒక రకం. ప్రధాన సిర నుంచి కొమ్మలోకి మళ్లి, కొమ్మ ద్వారా లోపలికి చేరితే ఇంకో రకం. ఈ రెండింటినీ విడదీయడానికి చాలా తేలికైన పరీక్ష ఉంది. స్కాన్ చేస్తూ కొమ్మ మొదలయ్యే చోట వేలితో నొక్కుతారు. ప్రధాన సిరలో లీకు ఆగిపోతే, రక్తం బయటపడే దారి ఆ కొమ్మే అని తేలుతుంది. అలాంటివాళ్లలో కొమ్మకు చికిత్స చేసి, ప్రధాన సిరను కాపాడుకునే అవకాశం ఉంటుంది. ముందుముందు గుండెకు బైపాస్ అవసరమైతే పనికొచ్చేది కూడా ఈ సఫీనస్ సిరే. ఉంచుకోగలిగితే ఉంచుకోవడం మంచిదే కదా.

ఇక జబ్బు మొత్తాన్ని వర్ణించడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి సీప్. 1994లో హవాయి దీవుల్లో జరిగిన నిపుణుల సమావేశంలో ఇది రూపుదిద్దుకుంది. 2004లో, మళ్లీ 2020లో సవరించారు. ఇందులో కంటికి కనిపించే లక్షణాలకు సున్నా నుంచి ఆరు దాకా అంకెలున్నాయి. సాలెగూడు లాంటి సన్న నరాలు ఒకటి. మూడు మిల్లీమీటర్లకు తగ్గని ఉబ్బు సిరలు రెండు. వాపు మూడు. చర్మం నల్లబడటం, ఎగ్జిమా, గట్టిపడటం నాలుగు. మానిన పుండు అయిదు. మానకుండా ఉన్న పుండు ఆరు. దీనికి తోడు కారణం ఏమిటి, ఏ సిరలు చెడ్డాయి, లీకా లేక అడ్డంకా అన్నవి కూడా రాయాలి. చాలా రిపోర్టుల్లో మొదటి అంకె ఒక్కటే రాసి వదిలేస్తారు. ఆ అంకె జబ్బు ఎంత ముదిరిందో చెబుతుంది. దారి ఏదో చెప్పదు. రెండూ కలిపి చదివితేనే రోగికి న్యాయం జరుగుతుంది.

ఎందుకంటే చికిత్స దారినిబట్టే మారుతుంది. ప్రధాన సిర పొడవునా లీకు ఉంటే లోపలి నుంచి వేడితో మూసేసే లేజరు గానీ రేడియో ఫ్రీక్వెన్సీ గానీ సరిపోతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో ముందుగా సూచించింది వీటినే, అవి కుదరకపోతే నురుగు మందు ఇంజెక్షన్, అదీ కుదరకపోతే ఆపరేషన్. కొమ్మలు మాత్రమే ఉబ్బితే చిన్న గాట్లతో వాటిని తీసేయడమో, నురుగు మందు ఎక్కించడమో చాలు. స్మాల్ సఫీనస్ సిర పక్కనే స్పర్శ తెలిపే నరం ఉంటుంది కాబట్టి అక్కడ వేడి వాడేటప్పుడు అదనపు జాగ్రత్త కావాలి. పొత్తికడుపులో మొదలైన లీకుకు చికిత్స అక్కడే చేయాల్సి రావచ్చు. ప్రకటనల్లో రెండు కాళ్లకూ కలిపి ఒక ప్యాకేజీ ధర కనిపిస్తుంది. ధర అడిగే ముందు స్కాన్ చేసిన డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. లీకు ఎక్కడ మొదలైంది? ఎంతవరకు దిగింది? లోతు సిరలు బాగున్నాయా? ఈ మూడింటికీ కాలి బొమ్మ గీసి జవాబు చెప్పగలిగితే మీ చికిత్సకు పునాది పడినట్టే.

పుండు పడినవాళ్లు ఆలస్యం చేయొద్దు. బ్రిటన్‌లో 450 మంది సిరల పుండ్ల రోగులతో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. కట్టు కడుతూనే లీకైన సిరకు వెంటనే చికిత్స చేసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. చికిత్స వాయిదా వేసినవాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. చీలమండ పైన నల్లబడి, ఏళ్ల తరబడి రసి కారే పుండును విధిరాత అనుకుని పసుపు అద్దుకుంటూ బతుకుతున్నవాళ్లు మన పల్లెల్లోనూ బస్తీల్లోనూ ఉన్నారు. ఆ పుండుకు కారణం లోపల జారుతున్న రక్తమై ఉండవచ్చు, దానికి వైద్యం ఉంది అని వాళ్లకు చెప్పండి. పంజాగుట్ట నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీ విభాగం ఉంది. తెల్ల రేషన్ కార్డున్నవాళ్లు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ వివరాలు తెలుసుకోవచ్చు.

రెండు ప్రమాద సూచనలు కూడా గుర్తుపెట్టుకోండి. ఒకే కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే, ముఖ్యంగా దూరప్రయాణం, కాన్పు, ఆపరేషన్ తర్వాత అయితే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఉబ్బు నరం చిట్లి రక్తం కారితే కంగారుపడి నిలబడొద్దు. వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టాలి. నిలబడే ఉంటే రక్తం ఆగదు. ఈ ఒక్క సంగతి తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇక, వాపు తగ్గడానికి బిగుతు మేజోళ్లు వాడదలచినవాళ్లు, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లు, పాదాల్లో నాడి పరీక్ష చేయించుకున్నాకే వేసుకోవాలి.

చివరగా పని గురించి. డెన్మార్క్‌లో పన్నెండేళ్లు సాగిన అధ్యయనంలో, ఎక్కువసేపు నిలబడి పనిచేసేవాళ్లు వెరికోస్ వీన్స్‌తో ఆస్పత్రిలో చేరడం ఎక్కువని తేలింది. కూర్చునే పనే ఈ జబ్బు తెస్తుందనడానికి అంత గట్టి ఆధారం లేదు గానీ, కదలకుండా కూర్చుంటే ఉన్న జబ్బుకు వాపు, బరువు తోడవుతాయి. ఐటీ ఉద్యోగులు కొందరు నిలబడి పనిచేసే బల్లలు తెప్పించుకుంటున్నారు. వాటి ముందు కదలకుండా నిలబడితే కాలికి మేలు లేదు. గంటకోసారి లేచి నడవడం, మడమలు ఎత్తి దించడం, ఒక అంతస్తు మెట్లెక్కడం, ఇవే పిక్క కండరానికి పని చెబుతాయి.

కానీ గేటు దగ్గర గార్డుకు నడిచే స్వేచ్ఛ గానీ, కూర్చునే స్వేచ్ఛ గానీ ఎక్కడుంది? కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు సవరించి, అమ్మకాల సిబ్బందికి కూర్చునే హక్కు ఇచ్చాయి. ఆ హక్కు మన దగ్గర గార్డులకు, వంటవాళ్లకు, హౌస్‌కీపింగ్ వాళ్లకు కూడా అందాలి. అందుకు చట్టం వైపే చూడనక్కర్లేదు. ఉద్యోగులకు ఏటా ఆరోగ్య పరీక్షలు చేయించే కంపెనీలు, కాంట్రాక్టు సిబ్బందిని కూడా ఆ జాబితాలో చేర్చాలి. వాళ్ల కాళ్లను ప్యాంటు పైకి మడిచి, చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, నిలబెట్టి డాక్టరు చూడాలి. తొలిదశలో దొరికిన లీకు చిన్న చికిత్సతో ఆగవచ్చు. పుండు పడ్డాక దొరికితే నెలల తరబడి జీతం పోతుంది.

నానక్‌రామ్‌గూడలో పనిచేసే మేనేజర్లు ఎవరైనా ఇది వింటుంటే, రేపు ఉదయం మీ భవనం గేటు దగ్గర ఒక కుర్చీ వేయించండి. షిఫ్టులో ఎప్పుడెప్పుడు కూర్చోవచ్చో, ఎప్పుడు నాలుగడుగులు నడవాలో రాసి పెట్టండి. ఉబ్బు నరాలున్న గార్డు ఉంటే లీకు వెతికే స్కాన్‌కు పంపండి, ఆ రోజు జీతం కోయకండి.